ఎత్తిన చెయ్యి

ఆ ఏడు పొగాకు ముందే తిరిగింది. జూన్ సగం కాకుండానే అడుగాకు పసుపుకొచ్చింది. పొగాకు ఎవరి మాటా వినదు. ఇంట్లో పెళ్ళయినా చావయినా అది పండిన రోజున కోయాల్సిందే. సరిగ్గా అప్పుడే పిల్లల కూటం వచ్చిపడింది. ఆ ఏడు అధ్యక్షపీఠం ఎక్కాల్సింది మా అమ్మాయి వెర్నెల్.

కూటమంటే నీకు తెలియదు, రాసుకో. నార్త్ కరోలినాలో మా నల్లపిల్లల బడులు ఎన్నున్నాయో అన్ని బడుల నుంచీ పిల్లలు ఏటా ఒకసారి మా నల్లవాళ్ళ కాలేజీలో కలిసేవాళ్ళు. ఆటలకూ పాటలకూ కాదు. సభ నడపడం నేర్చుకోవడానికి. వచ్చిన ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ ఒక్కసారైనా పీఠం మీద కూర్చోవాలి. మాట్లాడాలంటే చెయ్యెత్తాలి. పీఠం మీదున్నవాళ్ళు పిలిచేదాకా నోరు తెరవకూడదు. పిలిచారా, ఇక నువ్వు బట్టలుతికే ఆమె కూతురివైనా సరే, డాక్టరు గారి కొడుకు కూడా నోరు మూసుకుని నీ మాట వినాలి.

పెద్దవాళ్ళకు వెనక బల్లలు. అక్కడ కూర్చుని చూడొచ్చు, అంతే. కిక్కురుమంటే పీఠం మీది పిల్ల బయటికి పంపుతుంది. బయటికెళ్ళి అందరికీ మంచినీళ్ళు మోసుకురావాలి. అదీ శిక్ష.

మా వెర్నెల్ నోట్లో నాలుక లేని పిల్ల. ఎవరైనా తలుపు తడితే పొయ్యి వెనక దూరేది. అలాంటి దానిని ఆర్టిస్ టీచరమ్మ చెయ్యి పట్టుకుని కూటానికి తీసుకెళ్ళింది. అలా ఏటా వెళ్ళీ వెళ్ళీ తనకు పదిహేడో ఏడు వచ్చేసరికి రాష్ట్రం మొత్తం పిల్లలు దానిని అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. సగపాలుకు సేద్యం చేసే ఇంటి పిల్ల ఆ పీఠం ఎక్కడం అదే మొదలు.

"ఆకు కోత పెట్టుకుని దాన్ని పంపిస్తావా?" అంది మా అక్క మిట్టీ. పొగాకు కర్రలకు ఆకు అల్లడంలో వెర్నెల్ చేతిని మించిన చెయ్యి మా పాకలో లేదు.

"పంపిస్తా. నువ్వు రెండు చేతులతో అల్లు."

"ఇప్పుడేమన్నా కాళ్ళతో అల్లుతున్నానా?" అంది మిట్టీ. కానీ ప్రయాణం రోజు అందరికంటే ముందు లారీ ఎక్కి కూర్చుంది ఆమే. ఒళ్ళో వేయించిన చేపల డబ్బా.

కూటంలో వెర్నెల్‌ను చూస్తే నా పిల్లలా లేదు. తెల్ల చొక్కా, వీపు నిటారుగా, చేతిలో చెక్క సుత్తి. ఏదో తీర్మానం మీద పిల్లలు వాదించుకుంటున్నారు. మా చర్చి డీకన్ సటన్‌కు ఆగక వెనక బల్ల నుంచి, "ఆ కుర్రాడు చెప్పేదే నిజం, ఆమెన్" అన్నాడు.

సుత్తి టక్కుమంది.

"వెనక బల్లలో ఉన్న పెద్దమనిషికి పిలుపు రాలేదు" అంది మా వెర్నెల్. గొంతు పెంచలేదు. "దయచేసి మంచినీళ్ళు తీసుకురండి."

డీకన్ లేచాడు. మా అందరికీ పాపపుణ్యాలు చెప్పే మనిషి, బకెట్టు పట్టుకుని బయటికి నడిచాడు. మిట్టీ నోట్లో రుమాలు కుక్కుకుని నవ్వింది.

"నవ్వుతున్న పెద్దావిడ కూడా సాయం వెళ్ళాలి" అంది వెర్నెల్.

తిరిగి వస్తుంటే లారీలో మిట్టీ, "సొంత మేనత్తతో నీళ్ళు మోయిస్తావంటే" అని దారి పొడవునా సణిగింది. ఆమె ముఖంలో గర్వం మాత్రం దాచుకోలేకపోయింది.

ఆ వేసవి దాటితే మా షైలో బడి ఉండదని అందరికీ తెలుసు. నల్లపిల్లలను, తెల్లపిల్లలను కలిపి చదివించమని కోర్టు చెప్పింది. ఎలా కలపాలో కౌంటీ బడుల బోర్డు చెప్పింది. మా బడికి తాళం, మా పిల్లలు వాళ్ళ బడికి. బడి పేరు వాళ్ళది, జెండా వాళ్ళది, టీచర్లు ముప్పాతికమంది వాళ్ళవాళ్ళు. ఆర్టిస్ టీచరమ్మకు ఆ బడి నేలమాళిగలో పుస్తకాలు సర్దే పని ఇచ్చారు. ఇరవై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషికి.

ఇక కూటం సంగతి. తెల్లపిల్లలకూ అలాంటి సభ ఒకటి వేరేగా ఉంది. రెండెందుకు, ఒకటి చాలన్నారు. కానీ బోర్డువాళ్ళు ఒక మాటన్నారు. ఆగస్టులో రెండు బడుల పిల్లలనూ ఒకచోట కూర్చోబెడతాం, పిల్లల సంఘంలో ఎవరికెన్ని కుర్చీలు, నల్లపిల్లల కూటం ఉండాలా పోవాలా, అన్నీ పిల్లలే తేల్చుకోవాలి, వాళ్ళేం తేలిస్తే అదే అన్నారు.

ఆ మాటకు మాకు ప్రాణం లేచొచ్చింది. సభలో కూర్చుని తేల్చుకోవడమేగా మా పిల్లలకు వచ్చిన విద్య. వాళ్ళ చేతికి సుత్తి వచ్చినా సరే, మా పిల్లలకు మాట వస్తే చాలనుకున్నాం. వెర్నెల్ నిలబడి నాలుగు మాటలు చెప్తే రాయి కూడా వింటుంది, అది నేను కళ్ళారా చూశాను.

జూలై అంతా ఆ మాటలే. ఆకు ఆరబెట్టే బ్యారన్ పక్కన పాకలో ఆడవాళ్ళు ఆకు అల్లుతుంటే, వెర్నెల్ కర్ర ముందు నిలబడి అల్లుతూనే చెప్పేది. చేతులు మోచేతుల దాకా పొగాకు జిగురుతో తారు పూసినట్టుండేవి. కుర్చీలు సగం సగం. కూటం ఏటా జరగాలి, తెల్లపిల్లలు వస్తామంటే వాళ్ళకూ తలుపు తెరిచే ఉంటుంది. అదీ దాని తీర్మానం. దానిని ఆకులాగే మడిచి, తిప్పి, బిగించి కట్టుకుంది.

మిట్టీ పొగాకు కర్రనే సుత్తి చేసుకుని తెల్లపిల్లల అధ్యక్షుడి వేషం కట్టేది. "నేను మందులషాపు ఆయన కొడుకుని. నాకు మీసాలు రాలేదు కానీ పొగరొచ్చింది. చెప్పు పిల్లా, నీకేం కావాలి?"

ఆడవాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు.

మా ఆవిడ లూవీనియా మాత్రం నవ్వేది కాదు. ఒకరోజు ఆకు అందిస్తూ అడిగింది. "వాడు నీ వైపు చూడకపోతే?"

"చెయ్యెత్తి ఉంచుతానమ్మా."

"అప్పటికీ చూడకపోతే?"

"ఎత్తిన చెయ్యిని పీఠం చూసి తీరాలి. అది రూలమ్మా. వాళ్ళకీ అదే రూలు, వాళ్ళ పుస్తకంలోనూ అదే ఉంది. ఆర్టిస్ టీచర్ చూపించింది."

"పుస్తకంలో చాలా ఉంటాయిలే" అంది లూవీనియా.

"నువ్వు దాన్ని బెదరగొట్టకు" అన్నాను నేను.

"బెదరగొట్టట్లేదు. అడుగుతున్నా."

ఆ వారంలోనే కోర్నిగే దొర వచ్చాడు. నేల ఆయనది, మేముండే ఇల్లు ఆయనది, బోర్డులో ఒక కుర్చీ కూడా ఆయనదే. కారు దిగకుండానే అద్దం దించి, బ్యారన్‌లోకి ఎంత ఆకెక్కిందో అడిగాడు. చెప్పాను. తలాడించాడు.

"మీ అమ్మాయి మీటింగుకు వస్తుందటగా, ఎల్వుడ్?"

"వస్తుంది దొరా."

"రానీ, మంచిదే. వచ్చి కూర్చోమను, చప్పట్లు కొట్టమను. పిల్లలు సరదాగా ఉండాలి, పెద్ద మాటలెందుకు?" ఇంటి కప్పు వైపు చూశాడు. "ఈ చలికాలానికి ఆ రేకులు మార్పిద్దామనుకుంటున్నా. ఇంట్లో ఎవరుంటారో తేలాక."

కారు వెళ్ళాక ధూళి చాలాసేపు దిగలేదు. ఆయనన్న మాట లూవీనియాకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె మొక్కజొన్న రొట్టె పెనం దించి, చేతులు తుడుచుకుని కూర్చుంది.

"పంటంతా చేలో ఉంది" అంది.

"ఉంది."

"ఇప్పుడు వెళ్ళగొడితే కట్టుబట్టలతో పోవాలి."

"పంట అమ్మేదాకా వెళ్ళగొట్టడు. ఆయన సగం కూడా చేలోనే ఉందిగా."

కిటికీలోంచి వెర్నెల్ కనిపిస్తోంది, కోళ్ళకు గింజలు చల్లుతూ పెదవులు కదుపుతోంది. మాటలు వల్లె వేసుకుంటోంది.

"దాన్ని నోరు మూసుకుని కూర్చోమని నేను చెప్పలేను" అంది లూవీనియా. "నువ్వు చెప్పగలవా?"

"నేనూ చెప్పలేను."

"అయితే ఇంకేముంది. రొట్టె తిను."

మీటింగు రోజు పొద్దున ఆడపిల్లలంతా మా ఇంటి వెనక చేరారు. పొగాకు జిగురు సబ్బుకు పోదు. పచ్చి టమాటాలు చితక్కొట్టి ఆ రసంతో రుద్దితేనే వదులుతుంది. తొట్టి చుట్టూ కూర్చుని ఒకరి చేతులొకరు రుద్దుకున్నారు. నీళ్ళు ఆకుపచ్చగా మారి, ఆ పైన నల్లబడ్డాయి. ఎంత రుద్దినా వెర్నెల్ ఎడమ బొటనవేలి గోటి చుట్టూ ఒక నల్ల గీత మిగిలింది.

"కుడి చెయ్యెత్తు" అంది మిట్టీ. "అది తెల్లవాళ్ళ దుప్పటిలా మెరుస్తోంది."

వాళ్ళ బడి హాలు పెద్దది. నాపరాయి నేల, ఎత్తు కప్పు. గోడలకు ఫ్యాన్లున్నాయి, అన్నీ ముందు వరసల మీదికే తిప్పి ఉన్నాయి. మా పిల్లలు ఎడమ పక్క కూర్చున్నారు. ఇస్త్రీ చొక్కాలు, ఒళ్ళో చేతులు. తెల్లపిల్లలు కుడి పక్క. వాళ్ళలో వాళ్ళు పేర్లు పెట్టి పిలుచుకుంటూ, కుర్చీల మీదుగా కాగితం ఉండలు విసురుకుంటున్నారు. పెద్దవాళ్ళం వెనక. నా పక్కన లూవీనియా, ఆ పక్క మిట్టీ, చివర ఆర్టిస్ టీచరమ్మ. కోర్నిగే దొర టోపీ చేత్తో పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు.

పీఠం మీద మందులషాపు ఆయన కొడుకు. చూడ్డానికి మంచి కుర్రాడిలాగే ఉన్నాడు, అబద్ధమెందుకు.

మొదట కుర్చీల సంగతి వచ్చింది. "ఎవరైనా మాట్లాడతారా?" అన్నాడు.

వెర్నెల్ చెయ్యి లేచింది. దాని వెనకే ఎడమ పక్కన ప్రతి చెయ్యీ లేచింది. నిశ్శబ్దంగా, ఒకేలా, మొక్కజొన్న చేను లేచి నిలబడ్డట్టు. పచ్చి టమాటా వాసన వెనక బల్లల దాకా వచ్చింది.

ఆ కుర్రాడు కుడి పక్కకు చూశాడు. అటు ఎవరూ చెయ్యెత్తలేదు. ఒకడు కూర్చున్న చోటు నుంచే అరిచాడు, ఇప్పుడున్న తమ సంఘమే ఉండనీ అని. ఇంకొకడు "నేనూ అదే అంటున్నా" అన్నాడు. ఎవరో నవ్వారు. కుర్రాడు సుత్తి కొట్టాడు. అయిపోయింది.

మా పిల్లల చేతులు అలాగే లేచి ఉన్నాయి.

"తర్వాతది, ఆ ఇంకో కూటం" అన్నాడు. గడియారం చూశాడు. కప్పు చూశాడు. మా పిల్లల తలల మీదుగా వెనక గోడ చూశాడు. ఆ చేతుల్ని తప్ప అన్నిటినీ చూశాడు.

పిలవమని ఒక్కరు కూడా అరవలేదు మా పిల్లలు. లేచి నిలబడలేదు. ఎలా అరుస్తారు? పిలవకుండా నోరు తెరిస్తే తప్పని చిన్నప్పటి నుంచి నేర్పాం. అటువైపు పిల్లలకు ఎవరూ ఏమీ నేర్పలేదు, వాళ్ళు అరుస్తున్నారు, గెలుస్తున్నారు. మా పిల్లలు ఎదురుచూస్తున్నారు. వెర్నెల్ ఎడమ చేత్తో కుడి చేతిని ఆనించి పట్టుకుంది.

నేను లేచాను. ఎప్పుడు లేచానో నాకే తెలియదు.

"బాబూ" అన్నాను, "ఇటుపక్క కూడా..."

హాలంతా వెనక్కి తిరిగింది. వెర్నెల్ కూడా తిరిగింది. చెయ్యి దించకుండానే తిరిగింది.

"వెనక బల్లలో ఉన్న పెద్దమనిషికి పిలుపు రాలేదు" అంది. జూన్‌లో డీకన్‌తో అన్న గొంతే. కానీ కళ్ళల్లో నీళ్ళు నిలిచి ఉన్నాయి. "దయచేసి కూర్చోండి."

కూర్చున్నాను. లూవీనియా నా మణికట్టు పట్టుకుంది, గోళ్ళు దిగేలా. తలుపు దగ్గర కోర్నిగే దొర నన్నే చూస్తున్నాడు.

తీర్మానం చదివారు. కుడి పక్క "అవును" అని అరిచారు. కాదనేవాళ్ళెవరని అడగనైనా అడగలేదు. సుత్తి పడింది. కూటం పోయింది. మీటింగు ముగిసిందన్నాడు ఆ కుర్రాడు, కుర్చీలు గరగరలాడాయి, వాళ్ళంతా మాట్లాడుకుంటూ తలుపు వైపు నడిచారు.

మా పిల్లలు లేవలేదు. చేతులు దించలేదు.

హాలు ఖాళీ అవుతుంటే ఒక తెల్లపిల్ల గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూసింది. నోరు కొంచెం తెరిచింది. దాని స్నేహితురాలెవరో రెక్క పట్టి లాక్కెళ్ళింది. ఊడ్చేవాడు వచ్చి, మమ్మల్ని చూసి, ఏమనాలో తోచక ఫ్యాన్లు ఒక్కొక్కటే ఆపాడు.

"చేతులు దించండమ్మా" అంది ఆర్టిస్ టీచరమ్మ. ఇంకోసారి అంది.

ఎవరూ దించలేదు. అందరూ వెర్నెల్ చెయ్యి వైపే చూస్తున్నారు. వెర్నెల్ ఖాళీ పీఠం వైపు చూస్తోంది.

అప్పుడు లూవీనియా లేచింది. వరసల మధ్యగా నడిచి కూతురి పక్కకెళ్ళింది. ఆ చెయ్యి బిగుసుకుపోయింది. రెండు చేతులతో పట్టుకుని, బ్యారన్‌లో పై దూలం మీది నుంచి ఎండిన ఆకు కర్రను దించినట్టు, ఆకు రాలకుండా దించినట్టు, మెల్లగా దించింది. ఒళ్ళో పెట్టుకుని నిమిరింది. దాని తర్వాతే మిగతా చేతులు దిగాయి.

తిరుగుదారిలో లారీలో మిట్టీ కూడా నోరెత్తలేదు. మా మలుపు దగ్గర వెర్నెల్ అడిగింది.

"నేనెక్కడ తప్పు చేశాను టీచర్?"

"ఎక్కడా చెయ్యలేదు తల్లీ."

"మరి?"

ఆర్టిస్ టీచరమ్మ చేల వైపు తిరిగింది. "ఎత్తిన చెయ్యిని చూడనివాళ్ళను మన పీఠం మీద ఎప్పుడూ కూర్చోబెట్టలేదు. అందుకే అలాంటివాళ్ళు పీఠం మీదుంటే ఏం చెయ్యాలో మీకు చెప్పాలని నాకు తోచలేదు" అంది.



బడి తెరిచారు. వెర్నెల్ వెళ్ళింది, వచ్చింది. ఆ బడిలో అది ఒక్క రోజు కూడా చెయ్యెత్తలేదట. ఇంట్లో కూడా మాట తగ్గించేసింది. ఉప్పు కావాలన్నా అడిగేది కాదు, లేచి తీసుకునేది. లూవీనియా రాత్రిళ్ళు ప్రార్థన చేస్తుంటే, దేవుడితో కాక ఎవరితోనో పోట్లాడుతున్నట్టు వినిపించేది. నేను ఆకు తీసుకుని వేలం కొట్టుకూ, కొట్టు నుంచి ఇంటికీ తిరిగాను. మంచి ధరే వచ్చింది ఆ ఏడు. అదేమిటో, ఆ ధర చెవికి ఎక్కలేదు.

ఆఖరి ఆకు అమ్ముడయ్యాక దొర పిలిచి లెక్క చూశాడు. చూశాక, "ఆ రోజు హాల్లో లేచావుగదా ఎల్వుడ్" అన్నాడు.

"లేచాను దొరా."

"ఇల్లు వేరేవాళ్ళకు చెప్పేశాను."

లూవీనియాకు పినతండ్రి ఒకాయన ఉన్నాడు, రెండు కౌంటీల అవతల. కొంచెం సొంత నేల, ఒక పాత బ్యారన్. ఒంటరివాడు, రమ్మన్నాడు. నవంబరులో మంచాలు, పొయ్యి, కోళ్ళ గంప లారీకెక్కించాం. మిట్టీ ముందు సీట్లో గడియారం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వెర్నెల్ వెనక పరుపుల మీద.

కోర్నిగే దొర వచ్చాడు. ఈసారి కారు దిగాడు. వాకిట్లో నిలబడి చెప్పడం మొదలెట్టాడు. నేను మంచి పనివాడినట, తనకేమీ కోపం లేదట, మనిషన్నాక తన చోటేమిటో తెలుసుకుంటే ఎవరికీ కష్టముండదట, తన తండ్రి కూడా ఎప్పుడూ అదే అనేవాడట. నేను టోపీ తీసి వింటున్నాను. పాతికేళ్ళుగా ఆ మనిషి మాట్లాడుతుంటే నేను వింటూనే ఉన్నాను.

అప్పుడు చూశాను. పరుపుల మీద, వెర్నెల్ చెయ్యెత్తి ఉంది.

ఈసారి ఎత్తింది ఎడమ చెయ్యి, బొటనవేలి దగ్గర ఆ నల్ల గీత పోయింది. చెయ్యి నిటారుగా ఉంది. నన్నే చూస్తోంది.

దొర ఇంకా చెప్తున్నాడు.

"ఒక్క నిమిషం ఆగండి దొరా" అన్నాను.

ఆయన మాట మధ్యలో ఆగిపోయింది. నోరు తెరిచే ఉంది.

"మా అమ్మాయి చెయ్యెత్తింది" అన్నాను. దాని వైపు తిరిగాను. "చెప్పమ్మా."

వెర్నెల్ చెయ్యి దించింది. లేచి నిలబడింది, పరుపుల మీద కాళ్ళు దిగబడుతుంటే పక్క చెక్క పట్టుకుని. గొంతు సవరించుకుంది.

"చిన్న తాతయ్య దగ్గర ఆకు అల్లే పాక ఉందా నాన్నా?"

"ఉంది. కప్పు కారుతుంది."

"పెద్దదా?"

"మన పాకకంటే పెద్దది."

"జూన్‌లో పిల్లల్ని పిలుద్దామనుకుంటున్నా. బల్లలు పడతాయా?"

లూవీనియా కోళ్ళ గంప మీద చెయ్యి వేసుకుని నేల వైపు చూస్తోంది. మిట్టీ ముందు సీట్లోంచి తల బయటికి పెట్టింది.

"పడతాయి" అన్నాను. "వెనక పెద్దవాళ్ళకు కూడా."

"అంతే నాన్నా" అని వెర్నెల్ కూర్చుంది.

నేను టోపీ పెట్టుకుని దొర వైపు తిరిగాను. ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు, ఎదురుచూస్తూ.

"ఇప్పుడు మీరు చెప్పండి" అన్నాను.